రెండడుగుల తొట్టెలో ఎవరికి ఎవరు తోడు

చేపల దుకాణానికి మొదటిసారి వెళ్లిన కుటుంబం ఏమేం కొనుక్కొస్తుందో ఆ వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. రెండు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు గప్పీలు, అరడజను నియాన్ టెట్రాలు, పిల్లలు పట్టుబట్టిన ఏంజెల్ ఒకటి, అద్దానికి పట్టిన పాచి తింటుందని చెబితే తీసుకున్న సక్కర్ ఒకటి. గోల్డ్‌ఫిష్ చైనా చేప. వెయ్యేళ్ల కిందట అక్కడి చెరువుల్లో బంగారు రంగు తేలిన పిల్లలను ఏరి పెంచగా వచ్చిన రకం, దానికి చల్లటి నీళ్లు కావాలి. గప్పీ పుట్టిల్లు వెనిజులా, ట్రినిడాడ్‌ల వాగులు. నియాన్ టెట్రా ఎగువ అమెజాన్ అడవుల్లో, రాలిన ఆకులు నాని టీ డికాక్షన్ రంగుకు తిరిగిన నీళ్లలో బతికేది. ఏంజెల్‌దీ అమెజానే, కాకపోతే అది అలాంటి చిన్న చేపలను తిని పెరుగుతుంది. సక్కర్ మూరెడు ఎదిగే చేప. కొన్న పూట అన్నీ వేలెడంత ఉండడం తప్ప వీటి మధ్య మరో పోలిక లేదు.

నెల తిరిగేసరికి టెట్రాలు ఒక్కొక్కటే కనబడకుండా పోతాయి. గప్పీల తోకలు చిరుగుతాయి. నీళ్లు పాలవిరుగుడులా మసకబారతాయి, గోల్డ్‌ఫిష్ నీటి మీదికి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ‘మాకు చేపలు అచ్చిరావు’ అనుకుని తొట్టెను అటకెక్కిస్తారు. ఈ నష్టంలో అదృష్టం పాలు చాలా తక్కువ. ఏ చేప దేనితో కలిసి బతుకుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. అందుకు చేపల స్వభావం తెలిస్తే చాలదు. దానికన్నా ముందు ఆ ఇంటి నీళ్లు ఎలాంటివో, తొట్టె కొలతలు ఎంతో చూడాలి. వాగులో గొడవ పడి ఓడిన చేప పారిపోతుంది, నీళ్లు బాగోకపోతే మరో మడుగుకు వెళుతుంది. తొట్టెలో ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. చిన్న తొట్టెకు చేపలను ఎంచడమంటే ఆ రెండు దారుల అవసరమే రాని చేపలను వెతకడం.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్కకు 56 లీటర్ల పైచిలుకు. అడుగున పోసిన గులకరాళ్లు, పైన వదిలిన జాగా పోగా నిజంగా పట్టేవి 45 లీటర్ల నీళ్లే.

ఇంచుమించు ఇంత తొట్టెతోనే ఇంటి అక్వేరియం చరిత్ర మొదలైంది. లండన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో తన ప్రయోగాన్ని కెమికల్ సొసైటీకి వివరించాడు. ఒక గాజు పాత్రలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఉంచాడు. మొక్క వదిలే ఆక్సిజన్ చేపకు, చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్కకు సరిపోతాయని ఆయన ఆలోచన. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీళ్లు చెడసాగాయి, అద్దానికి పాచి పట్టింది. అప్పుడు చెరువు నత్తలను తెచ్చి వదిలాడు. కుళ్లిన ఆకులనూ పాచినీ నత్తలు తిన్నాయి, నత్తల గుడ్లను చేపలు తిన్నాయి, తొట్టె నిలదొక్కుకుంది. ఒక జాతి చేప, ఒక మొక్క, ఒక నత్త. పద్ధతిగా చేసిన ఆ తొలి తోడు ఎంపికలో రెండో జాతి చేపకు చోటు లేదన్నది ఈనాటి కొనుగోలుదారులు గమనించదగ్గ విషయం.

వారింగ్టన్‌కు కనిపించని జీవులు ఆ పాత్రలో మరికొన్ని ఉన్నాయి. చేప శరీరంలో మాంసకృత్తులు ఖర్చయినప్పుడు పుట్టే అమ్మోనియా ఎక్కువ భాగం మొప్పల గుండా నేరుగా నీళ్లలోకి వస్తుంది. అది విషం. గులకరాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను, చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తుంది. అక్వేరియంలలో ఈ రెండో పని చేసేది నైట్రోబ్యాక్టర్ అని పుస్తకాలు ఏళ్ల తరబడి చెప్పాయి. నైట్రోస్పైరా అనే వేరే బ్యాక్టీరియాకే అందులో ముఖ్య పాత్ర అని 1998లో తేలింది. 2015లో మరో ఆశ్చర్యం. రెండు దశలనూ ఒంటిచేత్తో పూర్తిచేసే నైట్రోస్పైరాలను కనుగొన్నారు. అవి దొరికిన చోట్లలో చేపల పెంపకానికి వాడే ఒక ఫిల్టర్ కూడా ఉంది. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా పది చేపలను ఒకేసారి వదిలితే అవి ఎంత సాధువులైనా ఒకదాని అమ్మోనియాతో మరొకటి చస్తుంది. కొన్న వారంలో పోయిన చేపల్లో చాలావాటికి కారణం ఇదే, పక్క చేప కాదు.

ఇక్కడ మన నీళ్ల పాత్ర మొదలవుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మొప్పల్లోంచి సులువుగా లోపలికి చొరబడే విషరూపం, మరొకటి అంత హాని చేయని అమ్మోనియం. ఏది ఎంతన్నది పీహెచ్ తేలుస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 ఉంటే విషరూపం ఒక శాతంలో సగానికి కాస్త ఎక్కువ. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే 7 శాతం దాటుతుంది. అంటే క్షారగుణం ఉన్న బోరు నీళ్లు, ఎండాకాలం కలిసినచోట అదే మోతాదు మురికి పది రెట్లకు పైగా ప్రమాదకరం అవుతుంది. హైదరాబాద్ శివార్లలోగానీ అనంతపురంలోగానీ బోరు నీళ్లతో తొట్టె నింపేవారు పుస్తకంలో రాసిన చేపల సంఖ్యను తగ్గించుకోవలసిందే.

సంఖ్య గురించి దుకాణాల్లో ఒక పాత సూత్రం చెబుతారు: అంగుళం చేపకు గాలన్ నీళ్లు. చిన్న చేపలకు ఇది కాస్త పనికొస్తుంది, పెద్ద చేపల దగ్గర పూర్తిగా తప్పుతుంది. పొడవు పది రెట్లు పెరిగితే బరువు దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. పది అంగుళాల చేప ఒక్కటి, అంగుళం చేపలు పదింటికన్నా సుమారు వంద రెట్లు బరువు తూగుతుంది. అది తినేది, విసర్జించేది కూడా ఆ బరువుకు తగ్గట్టే ఎక్కువ.

ఇక మృదుజలం, కఠినజలం సంగతి. మంచినీటి చేప రక్తంలో ఉప్పు ఎక్కువ, చుట్టూ ఉన్న నీళ్లలో తక్కువ. అందుకని నీరు నిరంతరం దాని ఒంట్లోకి ఊరుతూ ఉంటుంది, ఉప్పు బయటికి జారుతూ ఉంటుంది. మూత్రపిండాలు పలుచటి మూత్రాన్ని ఎడతెగకుండా తోడిపోస్తాయి, మొప్పలు నీళ్లలోంచి సోడియం, క్లోరైడ్‌లను పట్టి లోపలికి లాగుతాయి. నీళ్లలో కాల్షియం ఉంటే మొప్పల పొరలు బిగువుగా ఉండి ఉప్పు జారడం తగ్గుతుంది. కాల్షియం దాదాపు లేని అమెజాన్ నీళ్లలో లక్షల ఏళ్లు గడిపిన నియాన్ టెట్రా ఆ ఆసరా లేకుండానే ఉప్పును నిలుపుకునేలా రూపొందింది. గప్పీ అలా కాదు. దానికి కాల్షియం దండిగా ఉన్న నీళ్లే హాయి, కొద్దిగా ఉప్పదనాన్నీ తట్టుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే తొట్టెలో పెడితే ఎవరో ఒకరు జీవితాంతం సర్దుకుపోవాలి. ఇప్పుడు అమ్మే నియాన్‌లు చాలావరకు ఫారాల్లో పుట్టినవే కాబట్టి మధ్యరకం నీళ్లను భరిస్తాయి, కానీ తెల్లటి పొర కట్టించే బోరు నీళ్లు వాటికి కావు. రసాయనాలు పోసి పీహెచ్ దించే సీసాలు దొరుకుతాయిగానీ, కఠినజలం వాటిని మూడో రోజుకు తోసిరాజని మళ్లీ మొదటికి వస్తుంది. ఆ ఎగుడుదిగుడు చేపకు నిలకడైన గట్టి నీళ్లకన్నా కీడు చేస్తుంది. ఇంటికి వచ్చే నీళ్లను మార్చడం మాని, ఆ నీళ్లకు తగిన చేపను తెచ్చుకోవడమే తేలిక. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాలి. దుకాణాల్లో యాంటీక్లోరిన్ పేరుతో అమ్మేది చాలావరకు సోడియం థయోసల్ఫేటే.

వేడి గురించి కూడా నిక్కచ్చిగా ఆలోచించాలి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలవు, 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములే. అదే పది డిగ్రీల తేడాకు చేప శరీరం అడిగే ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. రాబడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. మే నెలలో విజయవాడ, రామగుండం ఇళ్లలో తొట్టె నీళ్లు 32 డిగ్రీలు దాటడం మామూలే. గోల్డ్‌ఫిష్‌కు ఇష్టమైనవి 18 నుంచి 22 డిగ్రీల నీళ్లు. పైగా అది అడుగుకు దగ్గరగా పెరగగల చేప, విపరీతంగా మేసి అంతే విసర్జించే చేప. బ్రిటన్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. అంత ఆయుష్షు ఉన్న ప్రాణిని గుండ్రటి గాజు గిన్నెలో పెట్టి, ఆరు నెలలకు పోతే అదే దాని ఆయుష్షు అనుకోవడం మానేయాలి. గిన్నెను పైదాకా నింపితే గాలి సోకే నీటి ఉపరితలం మరీ కుంచించుకుపోతుంది. రెండడుగుల తొట్టె జాబితాలోంచి మొదట కొట్టేయవలసిన పేరు గోల్డ్‌ఫిషే.

నీళ్లు కుదిరాక స్వభావాల మాట.

పోట్లాటకు పేరుపడ్డ చేప ఫైటర్, శాస్త్రజ్ఞులు బెట్టా స్ప్లెండెన్స్ అంటారు. థాయ్‌లాండ్ వరిపొలాల్లో, గడ్డి కమ్మిన లోతులేని నీళ్లలో ఉంటుంది. ఆ దేశం 2019లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. తల లోపల ముడతలు పడిన ఒక ప్రత్యేక అవయవంతో గాలిని నేరుగా పీలుస్తుంది కాబట్టి ఆక్సిజన్ తక్కువైన నీళ్లలోనూ నెగ్గుకొస్తుంది. మగ చేప నీటి మీద నురగ గూడు కట్టి గుడ్లనూ పిల్లలనూ కాస్తుంది, ఆ గూటి చుట్టూ ఉన్న మేర తనదే అంటుంది. పొలంలో రెండు మగచేపలు ఎదురుపడితే మొప్పల మూతలు విప్పి, రెక్కలు చాచి బెదిరించుకుంటాయి. ఓడింది గడ్డిలోకి జారుకోగానే గొడవ ముగుస్తుంది. తొట్టెలో ఓడిన చేప ఇంకా కళ్లెదుటే ఉంటుంది, కనుక గెలిచిన చేప దృష్టిలో యుద్ధం ముగియలేదు. ఇంకో వింత ఏమిటంటే, 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం ప్రకారం గంటసేపు పోరాడిన రెండు ఫైటర్ల మెదళ్లలో జన్యువుల పనితీరు ఒకే వరసకు వచ్చింది. పోరాటం వాటికి అంత లోతైన వ్యవహారం. కాబట్టి రెండు మగ ఫైటర్లను ‘అలవాటు పడతాయిలే’ అని కలపకూడదు. పొడవాటి రంగుల తోకలున్న మగ గప్పీలను చూసినా ఫైటర్ రెచ్చిపోవచ్చు.

చోటు పెంచితే గొడవ తగ్గుతుందా అన్న ప్రశ్నకు అమెరికాలో రొనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్ అనే పరిశోధకుడు 2011లో జవాబిచ్చాడు. మైడస్ సిక్లిడ్ అనే నికరాగువా చేప పిల్లలను వేర్వేరు కొలతల తొట్టెల్లో గమనించాడు. చిన్న తొట్టెను కాస్త పెంచినంత మాత్రాన, చేపల సంఖ్యను అటూ ఇటూ మార్చినంత మాత్రాన దాడులు తగ్గలేదు. దాదాపు 400 లీటర్ల తొట్టెలో, దాక్కోవడానికి చాటుమాటులు ఉన్నప్పుడే తగ్గాయి. దుకాణంలో ముచ్చటగా కనిపించే సిక్లిడ్ పిల్లలను రెండడుగుల తొట్టెకు తెచ్చేవారు ఈ అంకె గుర్తుంచుకోవాలి. ప్లాస్టిక్ కోట ఒకటి పెట్టినంత మాత్రాన ఆ లోటు తీరదు.

గుంపు చేపల కథ ఇందుకు తలకిందులు. వీటికి తోటి చేపలు లేకపోవడమే బాధ. బ్రిటన్‌లో జరిగి 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో నియాన్ టెట్రా, వైట్‌క్లౌడ్, టైగర్ బార్బ్, ఏంజెల్‌లను ఒంటరిగా, రెండేసి, ఐదేసి, పదేసి చొప్పున ఉంచి చూశారు. నియాన్‌లు, వైట్‌క్లౌడ్‌లలో తేడా స్పష్టంగా కనిపించింది. గుంపు పెద్దదైన కొద్దీ అవి కలిసి ఈదడం పెరిగింది, ఒకదాన్నొకటి తరమడం తగ్గింది. మన ఇళ్లలో సాధారణంగా జరిగేది ఇందుకు పూర్తి విరుద్ధం. ‘ప్రతి రకం ఒక జత’ అని ఐదు రకాలు తెస్తారు. జత అన్నది మనిషి లెక్క. టెట్రా లెక్కలో రెండు అంటే ఒంటరితనమే, పెత్తనం చేసే ఒకటి, పడి ఉండే మరొకటి. అదే డబ్బుతో ఒకే జాతి చేపలు పది తెస్తే తొట్టె చూడటానికీ బాగుంటుంది, చేపలూ నిబ్బరంగా తిరుగుతాయి. చిన్న తొట్టెకు ఇవ్వదగ్గ సలహా ఒక్కటే అయితే ఇదే: రకాలు తగ్గించండి, ఒక్కో రకంలో సంఖ్య పెంచండి.

నోటి కొలత విషయంలో చేపలకు మొహమాటం లేదు. మత్స్యన్యాయం అన్న మాట తొట్టెలో అక్షరాలా అమలవుతుంది. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు నియాన్‌లతో స్నేహంగా తిరిగిన ఏంజెల్, అరచేయంత అయ్యాక ఒక రాత్రి వాటిని మింగేస్తే అది క్రూరత్వం కాదు, దాని సహజమైన భోజనం. పక్కన పెట్టే చేప పూర్తిగా ఎదిగినప్పుడు దాని నోట్లో రెండోది పట్టకూడదు. రెక్కలు కొరికే చేపలతో మరో ఇబ్బంది. టైగర్ బార్బ్‌లు నాలుగైదే ఉంటే పక్కవాటి తోకల జోలికి పోతాయి, ఎక్కువ ఉంటే ఆ కలహాన్ని చాలావరకు తమలో తామే తేల్చుకుంటాయి. అయినా ఫైటర్, గప్పీ, ఏంజెల్ లాంటి జీరాడే రెక్కల చేపల పక్కన వాటిని పెట్టకూడదు.

పక్కన ఎవరున్నారన్నది చేప రంగునే మార్చగలదు. ట్రినిడాడ్ వాగుల్లో జాన్ ఎండ్లర్ గమనించింది అదే. గప్పీలను వేటాడే పెద్ద సిక్లిడ్‌లు ఉన్న చోట మగ గప్పీలు వెలిసిపోయినట్టుండేవి. అలాంటివి లేని చోట మచ్చలతో మెరిసేవి. వేటగాళ్లున్న చోటి గప్పీలను కొన్నింటిని ఆయన, ప్రమాదం తక్కువగా ఉన్న, గప్పీలు లేని వాగులోకి మార్చాడు. సుమారు రెండేళ్లలోనే ఆ సంతతి మగచేపలకు మచ్చలు పెరిగి, రంగు తేలింది. 1980లో ఆయన ప్రచురించిన ఈ ప్రయోగం పరిణామశాస్త్ర పాఠాల్లో ఇప్పటికీ ప్రముఖమే. ఇది తరాల మీద జరిగే మార్పు. ఒక్క చేప జీవితంలోనూ భయం రంగును దింపుతుంది. దుకాణంలో మెరిసిన చేప ఇంటికొచ్చాక వెలవెలబోయి మొక్కల చాటునే ఉంటే మేత మార్చడం కన్నా ముందు దాని పక్కన ఎవరున్నారో చూడాలి.

సక్కర్ గురించి కాస్త నిలిచి మాట్లాడాలి. దీని అసలు తెగ దక్షిణ అమెరికాకు చెందిన టెరిగోప్లిక్తిస్. ఒళ్లంతా గట్టి పలకల కవచం, అడుగున అంటుకునే నోరు. చిన్నప్పుడు పాచి తినే మాట నిజమే. పెరిగే కొద్దీ మేత కోసం అన్నిటిమీదా పడుతుంది, తినేదానికన్నా ఎక్కువ మురికి చేస్తుంది. 40 సెంటీమీటర్లు దాటే ఈ చేపకు 60 సెంటీమీటర్ల తొట్టెలో వెనక్కి తిరగడమే కష్టం. అప్పుడు చాలామంది చేసే పని దాన్ని దగ్గరి చెరువులో వదిలేయడం. ‘ప్రాణం నిలబెట్టాం’ అనుకుంటారు. ఫలితం ఏమిటో మన జాలరులను, చేపల రైతులను అడగాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరువుల్లోనూ నదుల్లోనూ డెవిల్ ఫిష్ పేరుతో వలలు చించుతున్నది ఈ చేపే. తినడానికి గిరాకీ లేదు, ముళ్ల కవచం వల్ల దీన్ని తినే చేపలూ పక్షులూ తక్కువ, గట్లను తొలిచి బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. నీటిలో మిగిలే డీఎన్ఏ జాడల ఆధారంగా హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల జలాశయాల్లో దీని విస్తరణను గుర్తించారు. చిన్న తొట్టెకు సక్కర్ అక్కర్లేదు. అద్దం పాచికి చేతిలో స్పాంజి చాలు, లేదా వారింగ్టన్ చేసినట్టు నాలుగు నత్తలు చాలు. గప్పీలు ఎక్కువైతే వాటినీ చెరువులో వదలకూడదు. దోమల నివారణ పేరుతో దేశమంతా పాకిన పరదేశి చేప అది, మన చిన్న చేపల చోటును ఇప్పటికే ఆక్రమించింది.

సరే, మన ఊళ్లలో కొద్దిగా గట్టి నీళ్లు, ఎండలు, రెండడుగుల తొట్టె. వీటికి ఎవరు సరిపోతారు?

మొదటి పేరు జీబ్రా డానియో. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వెలువరించిన గ్రంథంలో దీన్ని తొలిసారి వర్ణించాడు. భారత్, నేపాల్, బంగ్లాదేశ్‌ల వాగుల్లో, వరిపొలాల కాలవల్లో తిరిగే నాలుగు సెంటీమీటర్ల చేప. పీహెచ్ 6 నుంచి 8 దాటిన నీళ్ల దాకా దీని సహజ ఆవాసాల్లో కనిపిస్తాయి. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో దీని క్లోన్లను సృష్టించాక ప్రపంచమంతటా ప్రయోగశాలల చేప అయింది, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనల్లోనూ ఉంది. ప్రయోగశాలల్లో దీన్ని పెంచేది 28.5 డిగ్రీల దగ్గర. అంటే మన గదుల వేడి దీనికి కొత్త కాదు. ఎనిమిదికి తగ్గకుండా ఉంచితే రోజంతా నీటి పైభాగంలో పరుగులు తీస్తాయి. తొట్టె ఎత్తుకన్నా పొడవు వీటికి ముఖ్యం, మూత తప్పనిసరి, ఎగిరి బయట పడతాయి. నెమ్మదైన పొడవు రెక్కల చేపలతో కలపవద్దు.

గప్పీలు కావాలనుకుంటే మగవాటినే ఆరేడు తీసుకోవడం మేలు. ఆడ గప్పీ ఇంచుమించు నెలకొకసారి పిల్లలను ఈనుతుంది. ఒకసారి కలిశాక వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు కాబట్టి తొట్టెలో మగది లేకున్నా ఈనడం ఆగదు. 45 లీటర్లు ఆ సంతానానికి ఎంతో కాలం చాలవు. ఆడా మగా కలిపి పెంచాలన్న ముచ్చట ఉంటే మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి వెంటపడి వేధిస్తాయి.

శాంతంగా ఉండే ఒక జతను చూసుకోవాలనుకునేవారికి హనీ గౌరామి ఉంది. గంగా, బ్రహ్మపుత్రల పరీవాహకంలోని చేప. ఫైటర్ లాగే గాలి పీలుస్తుంది, నురగ గూడు కడుతుంది, కానీ కోపం చాలా తక్కువ. నీటి మీద తేలే మొక్కలు కొన్ని వేస్తే వాటి నీడలో తిరుగుతుంది. దాని దగ్గరి బంధువు డ్వార్ఫ్ గౌరామి ఇంతకన్నా రంగులమారిది, దుకాణాల్లో ఎక్కువగా దొరికేదీ అదే. మగవి పోట్లాడతాయి, ఫారాల్లో దానికి ఒక వైరస్ కూడా పట్టుకుంది. రంగు చూసి దాన్ని ఎంచుకోవడం కన్నా హనీ కోసం నాలుగు వారాలు ఎదురుచూడటం మంచిది.

అడుగున తిరిగే చేప కావాలంటే కోరిడోరాస్. వీటికి కూడా ఆరు ఉండాలి, అడుగున గరుకు రాళ్లకు బదులు మెత్తటి ఇసుక ఉండాలి. మీసాలతో ఇసుకను తవ్వి మేత వెతుకుతాయి, గరుకు రాళ్ల మీద ఆ మీసాలు అరిగిపోతాయి. మిగతా చేపలు వదిలిన మేతే వీటికి చాలనుకోవడం పొరపాటు, మునిగే మేత విడిగా వేయాలి. నీళ్లు 30 డిగ్రీలు దాటే ఇళ్లకు మాత్రం ఇవి తగవు. కోస్తా ఎండల్లో వీటిని నిలబెట్టడం కష్టం.

కొన్ని చేపలు ఒంటరిగా ఉంటేనే తొట్టెకు అందం. మగ ఫైటర్ ఒకటి, నత్తలు, దట్టంగా మొక్కలు ఉన్న తొట్టె ఏ రకంగానూ వెలితి కాదు. కేరళ నదుల్లో ఉండే, ఇంచుమించు మూడు సెంటీమీటర్లే ఎదిగే పీ పఫర్ కూడా అంతే. అంత చిన్నదైనా పక్క చేపల రెక్కలు కొరుకుతుంది, నత్తలను వేటాడి తింటుంది. అడవిలో దాని సంఖ్య తగ్గుతోంది కాబట్టి ఫారంలో పుట్టిందో లేదో అడిగి కొనాలి. అదే కేరళకు చెందిన డెనిసన్ బార్బ్, మిస్ కేరళ పేరుతో ప్రపంచమంతా అమ్ముడయ్యే చేప, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. జానెడుకు దగ్గరగా ఎదిగి గుంపుగా పరుగెత్తే ఆ చేపకు రెండడుగులు ఏ మూలకూ చాలవు. ఒంటికి సూదితో రంగు ఎక్కించిన గాజు చేపలు ఎదురైతే ఏ తొట్టెకూ కొనవద్దు. ఆ రంగు చేపది కాదు, గాయానిది.

ఎంపిక అయ్యాక వదిలే వరస కూడా ఫలితాన్ని మారుస్తుంది. గుంపు చేపలు ముందు, సొంత మేర గీసుకునే చేప చివర. ముందొచ్చిన గౌరామి తొట్టె మొత్తాన్ని తనదిగా లెక్కేస్తుంది, చివరగా వచ్చింది మిగిలిన మూలతో సరిపెట్టుకుంటుంది. ఇప్పటికే మేర గీసుకున్న చేప ఉంటే, కొత్తవాటిని వదిలే రోజు రాళ్లు, మొక్కలు చోటు మార్చి పెట్టాలి. పాత గుర్తులు చెరిగిపోయి అందరూ కొత్తవారే అవుతారు. ఆ పూట దీపం ఆర్పి ఉంచాలి.

కొత్త చేపలను నేరుగా తొట్టెలో కలపకుండా మూడు వారాలు వేరే టబ్బులో, చిన్న స్పాంజి ఫిల్టర్‌తో ఉంచడం అవసరం. తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి చేప ఒంటి మీద మచ్చగా కనబడి, రాలి అడుగున చీలి, వందల పిల్లలుగా మళ్లీ చేపను వెతుక్కుంటుంది. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రం ఇంచుమించు వారంలో పూర్తవుతుంది కనుక మూడు వారాల్లో దాగి ఉన్నది బయటపడుతుంది. ఆ టబ్బు తర్వాత కూడా పనికొస్తుంది. ఎంత లెక్క చూసి తెచ్చినా ఒక చేప మిగతావాటిని తరుముతూ ఉండవచ్చు. అప్పుడు దెబ్బలు తింటున్నదాన్ని కాకుండా తరిమేదాన్ని టబ్బులోకి మార్చి, వారం తర్వాత రాళ్లు సర్ది తిరిగి వదలాలి. చాలాసార్లు దాని పెత్తనం తగ్గుతుంది. తగ్గకపోతే దాన్ని దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి. వెనక్కి తీసుకుంటారా అని కొనే రోజే అడిగి ఉంచుకోవాలి. డబ్బు రాకపోయినా చేపను తీసుకునే దుకాణాలు ఉంటాయి.